శుభ్రం చేసిన గొంతు

నాకు శుభ్రం పిచ్చి. నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు గీత దాటిన అక్షరానికి కూడా ఎర్ర సున్నా చుడతాను. ఈ పిచ్చిని ఇంట్లో మా ఆయన, బళ్ళో పిల్లలు భరిస్తూ వచ్చారు. వీడియోలు చేయడం మొదలుపెట్టాక దానికి ఇంకో దారి దొరికింది. ఆ దారి నన్ను ఎక్కడికి తీసుకెళ్ళిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేను జగ్గయ్యపేటలో ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. కాపురం నందిగామలో. రోజూ హైవే మీద బస్సులో పోయి వస్తాను. నిమ్మకాయలతో చిన్న బల్బు వెలిగించడం, గాజు గ్లాసు కింద కొవ్వొత్తి ఆర్పడం లాంటి ప్రయోగాలు ఫోన్లో తీసి, పిల్లలు ఇంటి దగ్గర చూసుకుంటారని ఆన్‌లైన్లో పెట్టేదాన్ని. మొదటి వీడియోలు నేనే చూడలేకపోయాను. నా మాట కన్నా ఫ్యాను మోతే ఎక్కువ వినపడేది. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు నాకెందుకని, ఉచితంగా దొరికేవి ఒక్కొక్కటీ దించుకుని, రాత్రి వంట అయ్యాక కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది దాచుకోవడం నా వల్ల కాదు. వంటల వీడియోలు చేసే పక్కింటావిడ అడిగింది, చందర్లపాడులో కోళ్ళు పెంచుకుంటూ వాటి మీద వీడియోలు చేసే ఒకాయన అడిగాడు. వాళ్ళకి చెప్పినవే చిన్న చిన్న వీడియోలు చేసి పెట్టాను. ప్రయోగాల కన్నా ఈ చిట్కాలనే జనం ఎక్కువ చూశారు.

అవన్నీ గొప్ప రహస్యాలేమీ కావు. తీసే ముందు కెమెరా అద్దాన్ని మెత్తటి నూలు కొంగుతో తుడవండి, మసక పడ్డ బొమ్మని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. స్టాండు లేకపోతే స్టూలు మీద రెండు ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టండి. కాలర్ మైకుకి పాత సాక్సు ముక్క తొడిగితే గాలి హోరు పడదు. వీడియో తీసే ఫోన్ దూరంగా ఉంటుంది కాబట్టి మాట కోసం ఇంకో పాత ఫోన్ దగ్గరగా పెట్టుకోండి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే, తర్వాత ఆ చప్పట్ల దగ్గర బొమ్మనీ మాటనీ కలుపుకోవచ్చు. కలిపాక కెమెరాలో పడ్డ మాట దండగ, దాన్ని మూసేయండి. ఇలా చెప్పుకుంటూ పోయేదాన్ని.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చింది చప్పుడు తీసేసే చిట్కా. మాట మొదలయ్యే ముందు ఐదు సెకన్లు అందరూ నోరు మూసుకోవాలి. అప్పుడు పడేది ఫ్యాను మోత, రోడ్డు హోరు. సాఫ్ట్‌వేర్లో ఆ ముక్కని ఎంచి ఇదే చెత్త అని చూపిస్తే, మొత్తం రికార్డింగులో అలాంటి చప్పుడు ఎక్కడున్నా ఏరి పారేస్తుంది. మొదటిసారి అది పనిచేసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దిద్దిన నోటుపుస్తకం ఎంత ముచ్చటగా ఉంటుందో అంత ముచ్చటేసింది.

ఇక మా పెద్దమ్మ సంగతి. ఆమె మా అమ్మకి అక్క. నా ఆరో ఏట అమ్మ పోతే నన్ను తెచ్చుకుని పెంచింది. పెనుగంచిప్రోలు దగ్గర పాలెంలో ఉంటుంది. నేనెన్నిసార్లు పిలిచినా నందిగామ వచ్చి రెండు రోజులకు మించి ఉండలేదు. కారణం ఆమె ముఠా. పెద్దమ్మ మిరప కోతల మేస్త్రి. పదకొండు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని, రైతులతో మాట్లాడి, పొద్దున్నే ఆటో ఎక్కించి, చేలో వరస తప్పకుండా కోయించి, సాయంత్రం ఇళ్ళకి చేర్చే బాధ్యత ఆమెది. ఆ పనంతా గొంతుతోనే చేసేది. తెల్లారకముందే వీధి మొదట్లో నిలబడి పిలిచేది. ఒక్క పిలుపుకి ఇళ్ళల్లో లైట్లు వెలిగేవి.

ఆ గొంతు కిందటేడు ఎండాకాలం నుంచి జీరపోయింది. మిరప ఘాటు అంది, దుమ్ము అంది, కరక్కాయ బుగ్గన పెట్టుకుని నెలల తరబడి నెట్టుకొచ్చింది. ఊపిరి తీస్తుంటే ఈల వినపడే దాకా వచ్చాక నేనే పోట్లాడి విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలయ్యాక డాక్టరు నన్ను కాకుండా ఆమెనే చూస్తూ చెప్పాడు. కేన్సరు. గొంతులో స్వరపేటిక మొత్తం తీసేయాలి. ప్రాణానికి ఫరవాలేదు. మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవాలి. మామూలుగా మాట రాదు. మెడకి ఆనించుకుంటే మాట పలికించే మిషనుందని, ఒక రోగి చేత మాట్లాడించి చూపించారు. పెద్దమ్మ మర్యాదగా విని, అతనికి దణ్ణం పెట్టి, బయటికొచ్చి ఆ మరగొంతు మిషను మాత్రం తనకొద్దంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కంచికచర్ల దాటింది. పెద్దమ్మ నా వైపు తిరిగి అడిగింది.

"మరి ముఠాని ఎవరు పిలుస్తారే?"

"ముఠా సంగతి ఇప్పుడెందుకు పెద్దమ్మా. నా దగ్గర ఉండు."

"ఉంటే మంచంలో కూర్చోబెట్టి అన్నం పెడతావు, నాకు తెలుసులే. తిని ఏం చెయ్యాల? ఖమ్మం వైపు కోతలకి వ్యాను పెట్టాడుగా ఆ పక్కూరి మేస్త్రి. నేను పిలవకపోతే వీళ్ళు ఆ వ్యాను ఎక్కుతారు. ఒకసారి ఎక్కినోళ్ళు మళ్ళీ దిగరే. ముఠా పోతే నేను ఉత్త రోగిష్టిదాన్నే."

ఆమె ప్రాణం కోసం భయపడటం లేదు. ముఠా చెదిరిపోతుందని భయపడుతోంది. అది నాకు అర్థమైన మరుక్షణమే ఉపాయం తట్టింది. ఆమె రోజూ అనే మాటలన్నీ రికార్డు చేసి, ఫోన్లో పెట్టి, చిన్న స్పీకరు ఇస్తే సరి. ఆపరేషన్ అయినా ఆమె గొంతే ముఠాని పిలుస్తుంది. చెబితే పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. నా అంత గొప్పది లేదనిపించింది నాకా పూట.

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు, ఆదివారం చర్చి అయ్యాక రికార్డింగు పెట్టుకున్నాం. మాటల జాబితా రాసుకున్నాను. "లెగండమ్మా, ఆటో వచ్చింది." "సద్ది కట్టుకున్నారా?" "తెల్లబడ్డ తాలు కాయ వేరే గుడ్డలో వెయ్యండే." "కొమ్మ ఇరిగితే చేనుగలాయన నన్ను తిడతాడు." "ఇక చాలు, మూటలు కట్టండి." తర్వాత ముఠాలో పదకొండు మంది పేర్లు. కెమెరా ఫోన్ గుమ్మం బయట స్టూలు మీద ఇటుకల మధ్య పెట్టాను. మాట కోసం పాత ఫోన్ దగ్గరగా పెట్టి, సాక్సు తొడిగిన దాని మైకు ఆమె రవికకి తగిలించాను. కూర్చుని చెప్పమంటే మాట రాలేదామెకి. లేచి నిలబడి, కొంగు దోపుకుని, చెవి పక్కన చేయి పెట్టుకుంటే వచ్చింది. పేర్లు పిలిచేటప్పుడు ఒక్కో పేరుకి ఒక్కో దిక్కు తిరిగింది. ఆ మనిషి ఇల్లు ఎటుంటే అటు. ఎదురింటామెని గొంతు పెద్దది చెయ్యకుండానే పిలిచింది. వీధి చివర ఉండే, చెవులు సరిగా వినపడని ముసలామె పేరుని మాత్రం ఊపిరంతా పెట్టి సాగదీసింది.

పక్కన పిండిమర ఆడుతోంది. కోడిపెట్టలు అరుస్తున్నాయి. ప్రతి నాలుగు మాటలకీ దగ్గు.

"ఇంకోసారి చెప్పు పెద్దమ్మా, దగ్గు పడింది."

"పడితే పడనియ్యి. దగ్గకుండా నన్నెవరు చూశారే?"

నేను వినలేదు. మళ్ళీ చెప్పించాను. ఆ పూట ఆమె చేత కొన్ని మాటలు నాలుగైదుసార్లు చెప్పించాను. అంత నొప్పితో ఉన్న మనిషి చేత.

ఇంటికొచ్చి సాఫ్ట్‌వేరు తెరిచాను. పిండిమర మోత తీసేయాలి. మొదట్లో ఐదు సెకన్ల నిశ్శబ్దం కావాలి కదా, అది లేదు. పెద్దమ్మని ఐదు సెకన్లు ఊరుకోమంటే రెండో సెకనుకే "అయిందా?" అంది. అందుకని రెండు పిలుపుల మధ్య మాట లేని ముక్క ఒకటి ఎంచుకుని, ఇదే చెత్త అని చూపించాను. అది చెప్పినట్టు చేసింది. మోత పోయింది, కోళ్ళు పోయాయి. దగ్గులు నేను కోసేశాను. తర్వాత హెచ్చుతగ్గులు లేకుండా అన్ని మాటల్నీ ఒకే మట్టానికి తెచ్చే బటన్ నొక్కాను. గొంతు తేటపడింది. సేవ్ చేసేటప్పుడు పాత ఫైలు మీదే రాయమంటారా అని అడిగితే సరే అన్నాను. మురికి కాపీ ఇంకెందుకు? మర్నాడు బళ్ళో పంద్రాగస్టు వీడియోలు తీయాలి, పాత ఫోన్లో జాగా లేదు. అందులోంచి కూడా తుడిచేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. పది రోజుల తర్వాత ఆసుపత్రి మంచం మీద పెద్దమ్మకి ఆ రికార్డింగు వినిపించాను. రెండు పిలుపులు విని మొహం గోడ వైపు తిప్పుకుంది. పోయిన గొంతు విని దుఃఖపడుతోందనుకున్నాను. ఫోన్ కట్టేసి, పాదాలు నొక్కుతూ కూర్చున్నాను.

మందులు, మా వైపు కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వైద్యం అన్నీ అయ్యి, సంక్రాంతి వెళ్ళాక తొలి కోత వేళకి ఆమె నిలబడింది. చేలో వంగి కోయడం కుదరదు గానీ, మెడకి తడి గుడ్డ కట్టుకుని గట్టు మీద కూర్చుని అజమాయిషీ చేయొచ్చని నన్ను ఒప్పించింది. డాక్టరుని కూడా చేతి సైగలతోనే ఒప్పించింది. ఆమె ఫోన్లో ఉచితంగా దొరికే యాప్ ఒకటి ఎక్కించి, ఒక్కో గడికి ఒక్కో మాట పెట్టాను. ఆమె చదవడం నిదానం కాబట్టి పేర్ల గడుల్లో ఆ ఆడవాళ్ళ ఫొటోలే పెట్టాను. బొమ్మ నొక్కితే పేరు పలుకుతుంది. రెండో శనివారం సెలవు చూసుకుని, ముందురోజే పాలెం వెళ్ళాను.

తెల్లవారుజామున మంచు పడుతోంది. ఆటో వచ్చి ఆగింది. పెద్దమ్మ వీధి మొదట్లో నిలబడి, స్పీకరు ఎత్తి పట్టుకుని నొక్కింది. "లెగండమ్మా, ఆటో వచ్చింది." తేటగా, గట్టిగా పలికింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. పేర్లు వరసగా నొక్కింది. ఒక ఇంట్లోంచి ఎవరో, "ఇంత పొద్దున్నే ఏం అమ్ముతున్నారయ్యా?" అని కేకేశారు.

పెద్దమ్మ స్పీకరు కట్టేసి నా చేతిలో పెట్టింది. ఒక్కొక్క ఇంటికీ నడిచి వెళ్ళి అరచేత్తో తలుపు తట్టింది. ఏడుగురు వచ్చారు. నలుగురు అప్పటికే వ్యాను ఎక్కి వెళ్ళిపోయారట. మేస్త్రమ్మ ఇక లేవదు, ఈ ఏడు ముఠా ఉండదు అనుకున్నారట.

చేలో ఎదురింటామెని అడిగాను, వినపడలేదా అని.

"వినపడింది టీచరమ్మా. ఉల్లిపాయల ఆటో అనుకున్నాం. వాళ్ళూ ఇట్టాగే రికార్డు పెట్టుకుని తిరుగుతారుగా. అక్క పిలిచే ముందు ఈల లాగా ఊపిరి తీసుద్ది. ఆ ఊపిరికే మాకు సగం మెలకువొచ్చుద్ది. అది లేదుగా ఇందులో. పైగా నన్నెప్పుడూ అట్టా అరిచి పిలవలా అక్క. ఎదురిల్లేగా నాది."

గట్టు మీద పెద్దమ్మ మెడ గుడ్డ తడుపుకుంటూ కూర్చుని ఉంది. ఆమె వైపు చూడలేకపోయాను. రెండు పిలుపుల మధ్య నేను చెత్త అని చూపించిన ముక్కలో ఉన్నది పిండిమర మోత ఒక్కటే కాదు. ఆమె ఊపిరి కూడా ఉంది. ప్రతి మాటలోంచీ ఆమె ఊపిరిని ఏరి పారేయమని నేనే చెప్పాను. ఎదురింటికీ వీధి చివరికీ ఆమె కొలిచి పెట్టిన దూరాల్ని ఒక్క బటన్‌తో చెరిపేశాను. ఆసుపత్రిలో గోడ వైపు తిరిగింది దుఃఖంతో కాదు. ఆ గొంతు తనది కాదని ఆమెకి ఆ రోజే తెలిసింది, చెప్పే దారి లేకపోయింది.

ఆ సాయంత్రం నందిగామ వచ్చి లాప్‌టాప్ అంతా వెతికాను. పాత ఫైలు లేదు. నేనే దాని మీద రాశాను కదా. చెరిపిన ఫైళ్ళని బయటికి తీసే ఉచిత సాఫ్ట్‌వేర్లు రెండు వేసి పాత ఫోన్ కూడా చూశాను. ఆ జాగాలో పంద్రాగస్టు డాన్సులు కూర్చున్నాయి. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా ఆయనకి ఈ సాఫ్ట్‌వేర్ల గురించి అ ఆలు తెలియవు. కాసేపు చూసి, "వీడియో కూడా తీశావు కదా, అందులో మాట పడదా?" అన్నాడు.

పడుతుంది. కెమెరాలో పడ్డ మాట దండగ, మూసేయండి అని ఊళ్ళో వాళ్ళందరికీ పాఠం చెప్పినదాన్ని నేను. పెద్దమ్మ బొమ్మ ఉందని ఆ వీడియో మెమరీ కార్డులో దాచుకున్నాను గానీ, మాట మూసేసే చూసుకున్నాను. తెరిచి విన్నాను. దూరం నుంచి, పిండిమర వెనక నుంచి, కోళ్ళ మధ్య నుంచి, ఈల ఊపిరితో, దగ్గుతో, పక్కింటి కుక్కరు విజిలుతో సహా పెద్దమ్మ పిలుస్తోంది. ఈసారి ఏ చిట్కా జోలికీ పోలేదు. ముక్కలుగా కోసి, కొత్త పేర్లతో సేవ్ చేసి, రెండు చోట్ల దాచాను.

ఆదివారం వెళ్ళి వినిపిస్తే పెద్దమ్మ మెడ గుడ్డ మీద చేయి ఆనించుకుని విన్నది. మళ్ళీ పెట్టమని వేలు చూపించింది. అలా ఎన్నిసార్లు పెట్టించుకుందో లెక్కపెట్టలేదు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె ఫోన్ గడుల్లో పాతవి తీసేసి ఇవే పెట్టాను.

సోమవారం బడికి సెలవు పెట్టి నేనూ వీధిలో నిలబడ్డాను. స్పీకర్లోంచి ముందు ఈల ఊపిరి వచ్చింది, తర్వాత పిలుపు. రెండో ఇంట్లో లైటు వెలిగింది. ఒక్కొక్క పేరూ నొక్కుతోంది. నాలుగో ఇంట్లోంచి ఎప్పటిలాగే జవాబొచ్చింది.

"ఆగక్కా! చెప్పు దొరకట్లా. అట్టా అరుస్తావేంది?"

అన్నాక ఆ మనిషికి గుర్తొచ్చినట్టుంది. లోపల చప్పుడు ఆగిపోయింది. చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చి, ఒకసారి స్పీకరు వంకా ఒకసారి పెద్దమ్మ వంకా చూసి కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ నవ్వింది. చప్పుడు లేని నవ్వది. వ్యాను ఎక్కిన నలుగురిలో ముగ్గురు ఆ వారంలోనే తిరిగొచ్చారు. ఒకామె రాలేదు. ఆమె బొమ్మ తీసేయనా అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

మార్చిలో ఒక శనివారం కోత చూడటానికి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా గట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, బస్సు వేళ అవుతోందని లేచాను. చేను దాటి దారెక్కబోతుంటే వెనక నుంచి పిలుపు వినపడింది. వీధి చివరింటి ముసలామె పేరు. ఊపిరంతా పెట్టి సాగదీసిన పిలుపు కదా, చేలన్నీ దాటి వచ్చింది. నేను మామూలుగా వెనక్కి చూశాను. ముసలామె కోత ఆపి నడుం ఎత్తింది. పెద్దమ్మ ఆమెను చూడటం లేదు. లేచి నిలబడి, నేను మర్చిపోయిన గొడుగు పైకెత్తి, నన్నే చూస్తోంది. మళ్ళీ అదే పేరు నొక్కింది.

ముసలామె నా వైపు చేయి ఊపింది. "నన్ను కాదులే అమ్మా. నిన్నే."

గొడుగు అందుకుని, పెద్దమ్మ చేతిలో ఫోన్ తీసుకుని చూశాను. పదకొండు బొమ్మలున్నాయి. జాబితా రాసింది నేను. రికార్డింగు రోజు ఇంకెవరైనా ఉన్నారా అని నేనడిగితే వేళ్ళు లెక్కపెట్టుకుని అంతేనంది. పనికి కావలసిన పేర్లన్నీ పిలిచింది. నన్ను పిలవలేదు, నేను ఎదురుగానే ఉన్నాను కదా. బళ్ళో, రేషన్ కార్డులో ఉన్న నా పేరుతో ఆమె ఎప్పుడూ పిలవలేదు. ఆమె పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని ఇంకెవరూ వాడలేదు. ఇక్కడ రాద్దామని చూశాను. కాగితం మీద అది నాదిలా లేదు.

ఇప్పుడు నన్ను పిలవాలంటే పెద్దమ్మ ఆ ముసలామె బొమ్మే నొక్కుతుంది. ఇద్దరం తల తిప్పుతాం. ముసలామె చూసి మళ్ళీ కోతలోకి వంగుతుంది. నేను వెళ్తాను.